సంతోషంతో చావబోయిన పెద్దయ్యగారు

పాస్టరుగా నేను చాలామందిని మట్టికి అప్పజెప్పాను. జ్వరంతో పోయినవాళ్ళు, పాము కరిచి పోయినవాళ్ళు, సారాయి తాగి పోయినవాళ్ళు, డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి బద్ధకించి పోయినవాళ్ళు. కానీ సంతోషం వల్ల చావుకు దగ్గరైన మనిషిని మాత్రం ఒక్కరినే చూశాను. ఆయన నా పై అధికారి. ఆయన ఎలా బతికి బయటపడ్డారో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

సెమినరీ నుంచి కొత్తగా బయటికొచ్చిన పాస్టర్లు మా ఇంటికి వచ్చి, "మీ అనుభవాలు రాయండి అయ్యగారూ, మాకు పనికొస్తాయి" అన్నారు. ఏ సంఘంలో ఎన్నేళ్ళు చేశాను, ఏ కమిటీలో ఎవరు ఎవరి మీద కుర్చీ ఎత్తారు అన్నవి రాయను. కమిటీల సంగతి ముందే తెలిస్తే మీలో సగం మంది ఈ పనిలోకి రారు. వచ్చాక ఎలాగూ తెలుస్తుంది. సెమినరీలో మీకు హెబ్రీ నేర్పారు, గ్రీకు నేర్పారు. వెళ్ళిన ప్రతి ఇంట్లో కాఫీ తాగి కూడా కడుపు చెడకుండా ఇల్లు చేరడం ఎలాగో నేర్పలేదు. చావు ఇంట్లో నోరు మూసుకుని కూర్చోవడం అసలే నేర్పలేదు. ఈ రెండోది నాకు తెలిసిరావడానికి మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ తిరగాల్సి వచ్చింది.

మదనపల్లెలో పెద్దయ్యగారు

డెబ్బైల మొదట్లో మదనపల్లెలో సహాయ పాస్టరుగా చేరాను. అక్కడి పెద్ద పాస్టరును అందరూ పెద్దయ్యగారు అనేవాళ్ళు. ఆరడుగుల మనిషి. గంజి పెట్టిన తెల్ల జుబ్బా, మడత నలగని పంచె. ఆయన బోధ ఒక్కటే: విశ్వాసి శ్రమలో సంతోషించాలి. ఆ సంతోషం మనసులో ఏ మూలనో ఉంటే చాలదు, మొహం మీద కనపడాలి. ధర పడిపోయి బండెడు టమోటా మార్కెట్టు యార్డు బయట పారబోసి వచ్చిన రైతుకైనా, బిడ్డను పోగొట్టుకున్న తల్లికైనా ఆయన మందు ఒకటే. చెయ్యి పైకెత్తి "స్తోత్రం చెప్పండి" అనేవారు. వాళ్ళు చెప్పేవాళ్ళు. ఆరడుగుల మనిషి ఎదురుగా నిలబడి అడిగితే ఎవరైనా చెబుతారు.

సమాధుల దగ్గర ఆయన ఏడుపు సాగనిచ్చేవారు కాదు. ఎవరైనా గొంతెత్తితే వెంటనే పాట అందుకునేవారు. ఆయన గొంతే పెద్దది గనుక ఎప్పుడూ ఏడుపే ఓడిపోయేది.

ఆయన వేషధారి మాత్రం కాదు. ఒకసారి ఆయనకు కూర్చోవడానికి వీల్లేని చోట సెగగడ్డ లేచింది. ఆ ఆదివారం ప్రసంగమంతా శ్రమలో ఆనందం గురించే. ముగించాక అలవాటు చొప్పున కుర్చీలో కూలబడి, "స్తోత్రం!" అని ఎంత గట్టిగా అరిచారంటే, ఆత్మ దిగివచ్చిందనుకుని సంఘమంతా లేచి నిలబడింది. అసలు సంగతి నాకూ అమ్మగారికీ తప్ప ఎవరికీ తెలియదు. సాయంత్రం వెళ్ళి చూస్తే బోర్లా పడుకుని, "చిన్న శ్రమేనయ్యా, సంతోషంగా ఉంది" అన్నారు. నిజంగానే నమ్మి అన్నారు. నమ్మనివాళ్ళతో పెద్దగా ప్రమాదం లేదు. ఇంతగా నమ్మేవాళ్ళ దగ్గరే జాగ్రత్తగా ఉండాలి.

అమ్మగారంటే ఆయన భార్య రత్నమ్మగారు. పొట్టి మనిషి, పెద్ద నోరు. పాలలో నీళ్ళెక్కువైతే పాలవాడితో పోట్లాడేది ఆమే. గుడి కప్పు కురిస్తే మిషన్ ఆఫీసుకు పోయి కేకలేసేది కూడా ఆమే. చావు ఇంట్లో అయ్యగారు ముందు గదిలో పాట పాడిస్తుంటే, ఆమె వెనక వంటింట్లో ఆడవాళ్ళను పట్టుకుని ఏడ్చేవారు. ఒకరోజు నాకు కాఫీ గ్లాసు అందిస్తూ అన్నారు:

"మీ అయ్యగారిది స్తోత్రాల డిపార్టుమెంటప్పా. కోపం, ఏడుపు రెండూ నా డిపార్టుమెంటు. పెండ్లయిన కాడ్నించి ఇట్నే నడస్తాండాది. ఆయనకు కోపమొచ్చినా నేనే పడాల, ఆయనకు ఏడుపొచ్చినా నేనే ఏడవాల."

నేను పడీపడీ నవ్వాను. అయ్యగారు కూడా లోపలి గదిలోంచి నవ్వారు. కాపురమంతా అలా పని పంచుకుని హాయిగా సాగింది. ఆ పంపకంలో ఒకరు ముందు వెళ్ళిపోతే ఏమవుతుందో అప్పట్లో ఎవరికీ తట్టలేదు.

పుంగనూరులో రాహేలమ్మ

తర్వాత నన్ను పుంగనూరుకు మార్చారు. ఊళ్ళో ఒక చిన్న గుడి, పెద్దపంజాణి దారిలో కొన్ని పల్లెలు నా కింద ఉండేవి. నాకొక సైకిలిచ్చారు. అది నన్ను మోసిన దూరం కంటే నేను దాన్ని మోసిన దూరమే ఎక్కువ. అవి వానలు ముఖం చాటేసిన ఏళ్ళు. చెనిక్కాయ చేలల్లో, అంటే వేరుశనగ చేలల్లో, ఆకు కూడా మిగల్లేదు. కాళ్ళూ చేతులూ ఆడేవాళ్ళు చాలామంది బెంగళూరికి కూలికి పోయారు.

మా పల్లె సంఘాల్లో ఆదివారం పాటల తర్వాత సాక్ష్యాల సమయం ఉంటుంది. ఆ వారం దేవుడు తనకు చేసిన మేలు ఏదో లేచి నిలబడి చెప్పాలి. చెప్పేవాళ్ళు మారినా సాక్ష్యం మారేది కాదు. నావంటి పాపిని కాపాడిన దేవునికి స్తోత్రం, మీరందరూ నా కోసం ప్రార్థించండి, అంతే. మోషప్ప అనే ఆయన సారాయి మానేశానని ప్రతి ఆదివారం సాక్ష్యం చెప్పేవాడు. సోమవారం నుంచి శనివారం దాకా మళ్ళీ మానేయడానికి కావలసిన ఏర్పాట్లు చేసుకునేవాడు.

ఈ చప్పిడి సాక్ష్యాల మధ్య ఒక పల్లెలో రాహేలమ్మ లేచింది. ఎండకు మాడి నల్లబడిన మనిషి, నడుముకు బిగించిన కొంగు. ఆమె మా వైపు తిరగలేదు. నేరుగా పైకప్పు వైపు చూసి మొదలుపెట్టింది.

"వందనాలు ప్రభువా. వాన కావాలని పోయిన వారం అడిగితిని. నువ్వు ఇంటివి, గానీ పక్కూర్లో కురిపిస్తివి. యాల? మా వూరికి దోవ తెలీదా నీకు? పట్టుపురుగులు గూడు కట్టే యాళకు రోగమొచ్చి సచ్చె. నా మొగుడు సింతచెట్టు మించి పడి నడుము ఇరగ్గొట్టుకోని పండుకోనుండాడు. సరే, పండుకోనీ. నడుముతో పాటు నోరు గూడా పడిపోయింటే నీ సొమ్మేం పోయె? మంచం మించే నాకు సేద్యం నేర్పిస్తాండాడు. ఇదేనా నువ్వు సూసుకునేది? సరే కానీ. మేక ఈనింది, పిల్లలు బాగుండాయి. దానికి మాత్రం వందనం. ఆమెన్."

గుడంతా గొల్లున నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది ఆమె మొగుడు దావీదప్ప. అతన్ని మంచంతో సహా గుడికి మోసుకొచ్చేవాళ్ళు. నవ్వితే నడుము నొప్పి. "అబ్బా" అంటాడు, మళ్ళీ నవ్వుతాడు. రాగి సంగటి కూడా ఒక పూటే దొరుకుతున్న జనం, కళ్ళు తుడుచుకుంటూ అంత నవ్వు నవ్వడం నేను అంతవరకూ చూడలేదు. ఆ నవ్వు తర్వాత పాడిన పాట కప్పు లేచిపోయేలా వినిపించింది.

ఆ పాటికి పెద్దయ్యగారు జిల్లా సంఘాలకు చైర్మన్ అయ్యారు. తనిఖీకి ఆ పల్లెకే వచ్చారు. "ఈ ఒక్క పొద్దు సాక్ష్యం వద్దమ్మా" అని రాహేలమ్మకు ముందే చెబుదామనుకున్నాను. నా సైకిలు దారిలో పంచరైంది. నేను చేరేసరికే ఆమె నిలబడి ఉంది. ఆ రోజు దేవునితో ఆమె తగువు మామూలు కంటే కాస్త పొడుగ్గానే సాగింది. చైర్మన్ గారు వచ్చారని మర్యాదకు ఇంకొంచెం కలిపిందనుకుంటాను.

భోజనాల దగ్గర పెద్దయ్యగారు నన్ను పట్టుకున్నారు.

"ఏమయ్యా, అది సాక్ష్యమా, పోలీసు కంప్లయింటా?"

"ఆమెకు కష్టాలు ఎక్కువ అయ్యగారూ."

"కష్టాలు ఎవరికి లేవు? కష్టంలో సంతోషించడమే గదా మన పని. ఆ మనిషి ఇకమీదట గుడిలో నోరెత్తకూడదు. ఇది ఆర్డరు."

మరుసటి రోజు వెళ్ళాను. రాహేలమ్మ మేకపిల్లకు ఆకు మేపుతోంది. విషయం చెప్పి, సంతోషం గురించి నాకు తెలిసిన నాలుగు వాక్యాలు కూడా చెప్పాను. ఆమె అంతా విని అంది:

"నా పెద్దబిడ్డ జొరమొచ్చి పోయినపుడు నన్ను ఏడ్సనీలేదయ్యా. పాట పాడిచ్చినారు. ఆ పాట శానా దినాలు నా గొంతులో అడ్డం పడి ఉండె. కూడు మింగుడు పడలే. ఒక పొద్దు సేన్లో ఒకదాన్నే నిలబడి, పైనుండే ఆయప్పనే నిలదీస్తి. నా బిడ్డను యాల తీసకపోతివని అరిస్తి. అరిసినాక ఆకలయ్యె. లేనోణ్ణి తిట్టేకి నాకేమన్నా పిచ్చా అయ్యా? ఉండాడని నమ్మినాను గాబట్టే తిడతాండాను. తిట్టినాక కడుపు కాలీ అవుతాది. కాలీ అయితేనే గదా దాండ్లోకి సంతోషం పట్టేది."

నా నాలుగు వాక్యాలూ జేబులో పెట్టుకుని వచ్చేశాను.

ఆమె ఆర్డరు మీరలేదు. మరుసటి ఆదివారం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. మోషప్ప సారాయి మానేశాడు. ఇంకెవరో పాపిని కాపాడినందుకు స్తోత్రం చెప్పారు. నా ప్రసంగంలో దావీదప్ప గురక పెట్టాడు. గుడి చల్లారిన సంగటి ముద్దలా తయారైంది. కొన్ని వారాలకు పెద్దమనుషులు నా దగ్గరికి వచ్చి, "ఆయమ్మను మాట్లాడనీ అయ్యా. కరువులో మేము నవ్వేది ఆ ఒక్క పూటే. అదీ లేకపోతే మేమూ బెంగుళూరు బస్సెక్కుతాము" అన్నారు.

ఆర్డరు ఆర్డరే. అందుకని ఒక ఉపాయం చేశాం. ఆశీర్వాదం చెప్పి ఆరాధన ముగించేస్తాను. అది ముగిశాక గుడిలో ఎవరు ఏం మాట్లాడినా అది సాక్ష్యం కిందికి రాదు. "ఆమె ఆరాధనలో నోరెత్తడం లేదు అయ్యగారూ" అని చైర్మన్ గారికి చెప్పాను. అబద్ధం కాదు. ఆశీర్వాదం అయ్యాక ఇంటికి పోకుండా సంఘమంతా కూర్చునే ఉండడం ఆ జిల్లాలో మా పల్లెలోనే జరిగేది.

కుప్పంలో ఆ సంతోషం

ఎనభైల్లో నన్ను కుప్పం వేశారు. అక్కడ ఒక మాట తెలుగులో మొదలై, తమిళంలో నడిచి, కన్నడంలో ముగుస్తుంది. ఎవరికీ ఇబ్బంది లేదు. పెద్దయ్యగారు రిటైరై, అమ్మగారి పుట్టినూరని కుప్పంలోనే చిన్న ఇల్లు కట్టుకున్నారు. నేను చేరిన కొద్ది నెలలకే అమ్మగారికి గుండెనొప్పి వచ్చింది. ఆసుపత్రికి చేరేలోపే పోయారు.

సమాధి దగ్గర పెద్దయ్యగారు తానే పాట ఎత్తుకున్నారు. ఏడుస్తున్నవాళ్ళను చెయ్యెత్తి ఆపారు. ఆయన కంట చుక్క నీరు రాలేదు. పెదవుల మీద నవ్వు. జనం "ఏం విశ్వాసమప్పా!" అని నోళ్ళు వెళ్ళబెట్టారు. నేనూ ఊరుకోలేదు. ఆయన్ని ఉదాహరణగా చూపించి రెండు ప్రసంగాలు చేశాను. అవి బాగా వచ్చాయని అందరూ అన్నారు కూడా.

ఆ నవ్వు ఆయన మొహం మీద నుంచి మళ్ళీ దిగలేదు. "ఎలా ఉన్నారు అయ్యగారూ" అంటే "సంతోషంగా ఉన్నాను, స్తోత్రం" అనేవారు. అన్నం ముట్టేవారు కాదు. అడిగితే "తిన్నాను, స్తోత్రం." గిన్నె చూస్తే పొద్దుటి అన్నం అలాగే ఉండేది. ఆయన పక్కింటి టైలరు బాషాభాయ్ నన్ను దారిలో ఆపి, "పాదిరీసాబ్, పెద్దాయన జుబ్బాలు మళ్ళా తగ్గించమంటాండారు. ఇంగొకసారి తగ్గిస్తే అవి పిల్లోళ్ళ జుబ్బాలే" అన్నాడు. డాక్టరు వచ్చి చూసి, రోగమేమీ లేదన్నాడు. టానిక్కు రాశాడు. పెద్దయ్యగారు ఆ సీసాను కూడా చూసి నవ్వారు, తాగలేదు. బయటికొచ్చాక డాక్టరు, "ఇట్లే ఉంటే మనిషి దక్కడు" అన్నాడు.

నేను ఆదరణ వాక్యాలు చదవబోతే, నేను మొదలుపెట్టిన వాక్యాన్ని ఆయనే పూర్తిచేసేవారు, దాని తర్వాతిది కూడా చెప్పేవారు. ఆయన దగ్గర నేర్చుకున్న మందు ఆయనకే పోయడం నాకు తప్ప ఎవరికీ మంచి ఉపాయంగా తోచలేదు. మా ఆవిడ సరోజ నర్సు. ఒకరోజు నా మీద విరుచుకుపడింది.

"ఏమండీ, మీకు కండ్లు కనపడలేదా? ఆయన సంతోషంగా సచ్చిపోతాండాడు. ఏడవాల్సిన మనిషి ముందే పోయె. ఈయనకేమో ఏడ్సేది తెలీదు. మీరేమో ఇంగా వాక్యాలు సదవతాండారు."

నిజమే. రత్నమ్మగారు పోతూ పోతూ ఆ ఇంటి ఏడుపు డిపార్టుమెంటుకు తాళం వేసుకుపోయారు.

ఆ వారమే సరోజ ఒక కాన్పు చూడడానికి వెళ్ళింది. బాలింతకు తోడుగా ఆమె తల్లి పుంగనూరు వైపు నుంచి వచ్చిందట. ఇంటికి రాగానే చెప్పింది: "ఎవురనుకున్నారు? మీ రాహేలమ్మ. సంగతంతా సెప్పినాను. ఆదివారం గుడికి వస్తాది. మీరు సాక్ష్యాల సమయం పెట్టండి."

రాహేలమ్మ లాంటివాళ్ళు ఎవరైనా లేస్తే పెద్దయ్యగారికి నచ్చదని కుప్పంలో సాక్ష్యాలే తీసేశాను. "ఆయన ముందు వరసలో కూర్చుంటారే" అన్నాను.

"అందుకే" అంది సరోజ.

ఆ ఆదివారం

పాటలయ్యాక, ఎవరైనా సాక్ష్యం చెప్పొచ్చునని అన్నాను. ఆడవాళ్ళ వైపు నుంచి రాహేలమ్మ లేచింది. జుట్టు నెరిసింది, కొంగు మాత్రం అలాగే బిగించి ఉంది.

"వందనాలు ప్రభువా. కొత్తూర్లో మాట్లాడతాండాను, తప్పుంటే ఓర్సుకో. నా బిడ్డకు మొగపిల్లోడు పుట్నాడు, వందనం. అల్లుణ్ణి మాత్రం నువ్వు సేసేటపుడు మద్దెలో లేసి యాడికో పోయినట్టుండావు."

కుప్పం వాళ్ళకు ఈమె కొత్త. ముందు బిత్తరపోయారు, తర్వాత ఒక మూల నుంచి నవ్వు మొదలైంది. ఆమె పెద్దయ్యగారి వైపు తిరిగింది.

"పెద్దయ్యా, ఆ పొద్దు నన్ను మాట్లాడొద్దంటివి. ఈ పొద్దు నీ బదులు మాట్లాడతాండాను. కావాలంటే మళ్ళా ఆపు."

ఆయన చెయ్యి పైకి లేచింది. సగంలో ఆగింది. మొహం మీద ఆ నవ్వు అలాగే ఉంది. రాహేలమ్మ మళ్ళీ కప్పు వైపు చూసింది.

"ఏం ప్రభువా, నీ కాడ మనుషులు తక్కువైనారా? ఆ రత్నమ్మను యాల పిలుచుకుంటివి? ఈయప్పకు కాఫీ కాంచుకునేది తెలీదు. కోపం పడేది తెలీదు. బొత్తాములు పెట్టుకునేది గూడా తెలీదు. సూడు, పై బొత్తాము కింద పెట్టుకోనుండాడు. నీ పని సేసి సేసి ముసిలోడయినోణ్ణి ఇట్టా ఒంటిగా ఇడిసిపెడితివే, నాయమా నీకు? ఈయప్ప నిన్ను అడగడు. మర్యాదస్తుడు. అందుకే నేను అడగతాండాను. సెప్పు, యాల తీసకపోతివి?"

బొత్తాముల మాటకు జనం ఆపుకోలేక నవ్వారు. పెద్దయ్యగారు తల వంచి జుబ్బా చూసుకున్నారు. నిజంగానే పై బొత్తాము కింది కాజాలో ఉంది. ఆయనకూ నవ్వొచ్చింది. ఇన్ని నెలలుగా మొహానికి అతుక్కున్న నవ్వు కాదు, కడుపులోంచి వచ్చిన నవ్వు. అది మధ్యలో విరిగి ఏడుపైంది. ఆరడుగుల మనిషి రెండు చేతులతో మొహం కప్పుకుని, "రత్నా, రత్నా" అని వెక్కివెక్కి ఏడ్చారు. ఎవరో అలవాటు కొద్దీ పాట ఎత్తబోయారు. "పాట పాడితే కాళ్ళిరగ్గొడతా" అని రాహేలమ్మ అరిచింది. ఆమె మాట ఆ రోజు గుడిలో అందరూ విన్నారు. నేనూ పుల్పిట్ మీద నిలబడి నోరు మూసుకుని ఏడ్చాను. ఆ రోజు ప్రసంగం చెయ్యలేదు.

చాలాసేపటికి పెద్దయ్యగారు లేచి నిలబడ్డారు. "ఇది నా సాక్ష్యం" అన్నారు. "ప్రభువా, నీకు స్తోత్రం చెప్పాను. కానీ నువ్వు చేసింది నాకు నచ్చలేదు. అసలు నచ్చలేదు. అయినా నువ్వు తప్ప నాకెవరున్నారు?" అని కూర్చున్నారు. దాని తర్వాత సంఘం పాడింది. ఎవరూ ఎత్తమని చెప్పకుండానే పాడింది.

మీకు చెప్పదలచింది ఇదే. శ్రమలో సంతోషం ఉంది, నేను కళ్ళారా చూశాను. పెద్దయ్యగారు ఆ తర్వాత ఏళ్ళ తరబడి బతికారు. చావు ఇళ్ళకు నాకంటే ముందు వెళ్ళేవారు, పాట పాడించకుండా పక్కన కూర్చునేవారు, ఏడ్చేవాళ్ళతో ఏడ్చేవారు. ఆయన వచ్చి వెళ్ళాక ఆ ఇళ్ళలో జనం అన్నం తినేవాళ్ళు. ఆ ముసలితనంలో ఆయన మొహం మీద చూసిన సంతోషం మదనపల్లెలో నేను ఎప్పుడూ చూడలేదు. అయితే దాన్ని ఆర్డరు వేసి తెప్పించలేం. ఏడుపు దారిలోనే అది నడిచి వస్తుంది. ఆ దారికి అడ్డం నిలబడకండి, మీరు ఎంత పొడుగు మనుషులైనా సరే.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆయన్నీ రాహేలమ్మనూ మా ఇంటికి భోజనానికి తీసుకొచ్చాను. సరోజ సంగటి, కోడి పులుసు వడ్డించి వంటింట్లోకి వెళ్ళింది. పెద్దయ్యగారు ఒక ముద్ద తీసుకుని పులుసులో అద్ది నోట్లో పెట్టుకున్నారు. ఆయన ఏమంటారోనని నేను చూస్తున్నాను. నమిలారు, మింగారు, మొహం చిట్లించారు.

"అమ్మా సరోజా, పులుసులో ఉప్పు తక్కువైందమ్మా" అన్నారు.

"స్తోత్రం!" అని వంటింట్లోంచి మా ఆవిడ వేసిన కేకకు వాకిట్లో కోళ్ళు చెదిరిపోయాయి.